వ్యతిరేకంగా ఒక్క చెయ్యి

అయినా సాంబారులో ఉల్లిపాయలు వెయ్యొద్దని భీమారావు ఎప్పుడన్నాడు? అనలేదు. ఒక ఉగాది భోజనాల్లో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు, అంతే. ఆ రోజు అతనికి పన్ను సలుపుతోంది. ఆ తర్వాత కెనడాలో, ఎడ్మంటన్‌లోని ఈ చిన్న తెలుగు సంఘం వంటల్లో ఉల్లిపాయ కనబడలేదు.

ఆఖరి వరసలో, తడి కోట్లు వేలాడుతున్న స్టాండు పక్కన కూర్చుని డాక్టర్ ఇదే ఆలోచిస్తున్నాడు. రిటైరైన సైకియాట్రిస్టు. ఎవరినైనా సరే ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టుకుని దూరంగా చూడటం వృత్తి నేర్పిన అలవాటు. ఈ చలికాలమంతా ఆ కుర్చీలో కూర్చున్నది భీమారావే.

ఏళ్ళ తరబడి సంఘానికి భీమారావే ప్రెసిడెంటు. ప్రతిసారీ ఏకగ్రీవం. అతన్ని నియంత అని పైకి అన్నవాళ్ళు లేరు. అనుకోనివాళ్ళూ లేరు.

ఈరోజు మళ్ళీ ఎన్నిక. వ్యతిరేకంగా ఒక్క చెయ్యి లేస్తే చాలు, మిగతావి వాటంతటవే లేస్తాయని డాక్టర్ నమ్మకం. ఎవరూ ఎత్తకపోతే తనే ఎత్తాలి. అందుకే వచ్చాడు. లేకపోతే మరో రెండేళ్ళు ఇదే నిశ్శబ్దం.

కమిటీలో ఉన్న నీరజ టీ తెచ్చింది.

"డాక్టర్ గారూ, ఇక్కడ కూర్చున్నారేంటి? డోర్ తీసినప్పుడల్లా చలి కొడుతుంది. ముందుకి రండి."

"ఇక్కడే బావుందమ్మా." ఒక గుక్క తాగాడు. "పంచదార?"

"లేదండీ. ఇప్పుడు ఎవరికీ వెయ్యట్లేదు."

"ఎవరు వద్దన్నారు?"

పరీక్షలో తేలిక ప్రశ్న అడిగినట్టు నవ్విందామె. "ఎవరూ అన్లేదండీ. ఆ మాత్రం మాకు తెలీదా ఏంటి!"

ఆయనకి ముందున్న వరసలో ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. దీపక్, ప్రజ్వల్. ఇద్దరూ ఆయిల్ కంపెనీల్లో ఇంజనీర్లు.

"ఈసారి రేవంత్ నిలబడతాడన్నారు కదరా?"

"నిలబడ్డాడు. కూర్చున్నాడు."

"ఎవరన్నా వార్నింగ్ ఇచ్చారా?"

"అబ్బే, ఎవడూ ఏం అన్లేదు. అదేరా అసలు భయం."

డాక్టర్‌కి నవ్వొచ్చింది. ఆ చప్పుడుకి వాళ్ళు వెనక్కి తిరిగారు. ఇద్దరి వెన్నులూ ఒక్కసారి నిటారయ్యాయి.

"నమస్తే డాక్టర్ గారూ."

"ఆపేశారేం? మాట్లాడుకోండి."

"ఏం లేదు అంకుల్. హాకీ గురించి."

కాసేపటికి వాళ్ళు టీ కోసమని లేచారు. మళ్ళీ ఆ వరసకి రాలేదు.

రిటైరయ్యాక దేశాలనేలిన నియంతల గురించి ఆయన చాలా చదివాడు. అంతా ఆ ఒక్క మనిషి మనసులోంచే పుడుతుందని కొందరు రాశారు. అతను కాకపోతే ఆ కుర్చీ ఇంకొకణ్ణి తయారు చేసుకుంటుందని ఇంకొందరు. ఆ మనిషి పక్కన కూర్చుని ఎవరైనా తృప్తిగా అన్నం తిన్నారా అన్నది మాత్రం ఎవరూ రాయలేదు. భీమారావు ఏ బల్ల దగ్గర కూర్చుంటే ఆ బల్ల దగ్గర మాటలు సన్నగిల్లుతాయి. అతని జోకులకి మాత్రం పూర్తికాకముందే నవ్వుతారు.

కాంతంగారొక్కరే అతనితో పోట్లాడేది. మైకు గురించి, బతుకమ్మ ఆటల వేళ గురించి, జంతికల్లో వాము గురించి. ఆవిడ ఒకసారి ఓ సంఘాధ్యక్షుడి మీద హాస్యనాటిక రాసింది. ప్రెసిడెంటుగారు నొచ్చుకుంటారని కమిటీ ఆపేసింది. భీమారావుని ఎవరూ అడగలేదు. కాంతంగారు రావడం మానేసింది. ఎందుకు రావట్లేదని భీమారావూ ఎవర్నీ అడగలేదు.

అడిగితే అదీ ఆజ్ఞ అవుతుందని జంకాడా? లేక ఆవిడ లేకపోతే మీటింగు త్వరగా ముగుస్తోందని లోలోపల హాయి అనిపించిందా?

రెండోదే. డాక్టర్‌కి ఆ విషయంలో అనుమానం లేదు.

ఆ హాయి మటుకు భీమారావుది. మిగతాదంతా వీళ్ళది. ఉల్లిపాయలు, పంచదార, కుర్రాళ్ళ వెన్నులు. కానీ ఆ కాస్త హాయి లేకపోతే ఈ మిగతాది నిలిచేదా? చలికాలమంతా ఆలోచించినా లెక్క తేలలేదు.

పోయినసారి తప్పుకుంటానన్నాడు భీమారావు. నియంతలందరూ అనే మాటే. కమిటీ మొత్తం అతనింటికొచ్చి, "మా వల్ల ఏం తప్పు జరిగింది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతను సరేనన్నాడు. సరేననడానికి ఎక్కువసేపు పట్టలేదు. కాబట్టి మాటలతో అయ్యే పని కాదు. అందరూ చూస్తుండగా ఓటు పడాలి.

కార్యదర్శి వీర్రాజు మైకు అందుకున్నాడు.

"ప్రెసిడెంటు పదవికి వచ్చిన పేరు ఒక్కటే. అది ఎవరి పేరో నేను చెప్పక్కర్లేదు. సమర్థించేవాళ్ళు?"

హాలంతా చేతులు. దీపక్‌వీ, ప్రజ్వల్‌వీ అందరికంటే ఎత్తుగా ఉన్నాయి.

"వ్యతిరేకించేవాళ్ళు?"

ఈ ప్రశ్నకీ "ఎవరూ లేరు" అన్న మాటకీ మధ్య వీర్రాజు ఎప్పుడూ ఊపిరి కూడా పీల్చడు. ఈసారి ఎందుకో దగ్గొచ్చి ఆగాడు.

డాక్టర్ చుట్టూ చూశాడు. తలలు వంగి ఉన్నాయి. ఒక్క చెయ్యీ లేవలేదు. ఆయన మోకాళ్ళ మీద బరువు మోపి లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి తలకంటే పైకి, అరచెయ్యి అందరికీ కనబడేలా ఎత్తాడు.

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ వెనక్కి తిరిగారు. ఆయన చెయ్యి దించలేదు.

వీర్రాజు మైకు నోటికి మరింత దగ్గరగా తెచ్చుకున్నాడు. "ఏకగ్రీవం! అదుగో, ఆఖరి వరసలో మన డాక్టర్ భీమారావుగారే లేచి నిలబడి అందర్నీ ఆశీర్వదిస్తున్నారు, చప్పట్లు కొట్టండి!"