రెండో సైటు తెరుచుకోని పెద్దాయన

వేయి నామాలతో పిలిచినా ఒక్కడివై పలికే జమ్మలమడుగు నారాపుర వేంకటేశ్వరా! నీ పాదాలకు మ్రొక్కి ఈ చిన్న కథ మొదలుపెడుతున్నాను. చెప్పే నాలుకపై సత్యాన్ని నిలుపు తండ్రీ.

ప్రొద్దుటూరులో సురేంద్రకు ఒక ఆఫీసు ఉంది. అంగళ్లకు, బడులకు వెబ్‌సైట్లు తయారుచేయడం అతని వృత్తి.

ఏ సైటైనా లోకానికి కనబడే ముందు ఆ ఆఫీసులోని సర్వర్ కంప్యూటరులో సిద్ధం కావాలి. బట్టల అంగడిది, బంగారు అంగడిది, బడిది, అన్నీ ఆ ఒక్కదానిలోనే. దేని ఫోల్డరు దానిదే, దేని పేరు దానిదే. పేరు కొడితే ఆ సైటే తెరుచుకోవాలి.

"పదైదు దినాల్లో మూడు సైట్లు ఒకే మిషన్లో నిలబెట్టాల. లేకుంటే పులివెందుల బస్సెక్కు," అన్నాడు సురేంద్ర, కొత్తగా చేరిన సునీతతో.

సునీత తల ఊపింది. పులివెందుల పక్క పల్లెలో గొర్రెలు కాచే ఇంట డిగ్రీ చదివిన మొదటి పిల్ల ఆమె. ఈ పని పోతే తల్లి సుంకులమ్మకు ముఖమెలా చూపగలదు?

మొదటి రోజే ఒక సందేహం అడిగింది.

"డిగ్రీ యాడ కొన్నావు పాపా?" అన్నాడు సురేంద్ర.

గదంతా నవ్వింది. ఆ తరువాత ఆమె నోరు విప్పలేదు.

మరునాడు ఒక పెద్దాయన వచ్చి నేర్చుకోవడానికి చేరాడు. పంచె, భుజాన కండువా, నుదుట విభూతి. పేరు త్రివిక్రమరావు, ఊరు జమ్మలమడుగు.

"నాకూ మూడు సైట్లు నిలబెట్టడం నేర్పు నాయనా. పంచాంగానికొకటి, స్తోత్రాలకొకటి, పురాణాలకొకటి."

"ఈ వయసులో నీకేల సామీ ఈ తంటా?"

"కాలక్షేపం నాయనా."

సునీత పక్క కుర్చీలో కూర్చున్నాడు.

మూడవ రోజు సునీత రెండవ సైటు పేరు కొట్టింది. తెరపై మొదటి సైటే వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. సురేంద్ర వైపు చూసి, మళ్ళీ తెర వైపే తిరిగింది.

"నాయనా సురేంద్రా!" పక్క నుండి పెద్దాయన గొంతు. "రెండోదాని పేరు కొడితే మొదటిదే వస్తాంది. ఏంది కారణం?"

"తనకు తెలీని పేరు కొడితే సర్వరు మొదటి సైటే చూపిస్తాది సామీ! రెండోదాని పేరు సెట్టింగుల్లో రాసినావా?"

"రాయలేదు నాయనా."

"రాయకుంటే దానికేమన్నా కలొస్తాదా?"

నవ్వులు. సునీత తలవంచుకొని తన సెట్టింగులలో రెండవ పేరు రాసింది.

మరునాడు చూస్తే, రాసిన పేరూ పలకలేదు.

"రాసినా తెరుచుకోలేదే నాయనా?" అన్నాడు పెద్దాయన.

"సర్వరు ఆపి మళ్లా స్టార్ట్ చేసినావా?"

"చెయ్యాల్నా?"

"శివ శివా! చెయ్యకుంటే కొత్తగా రాసింది అదెప్పుడు చదువుతాది సామీ?"

సునీత సర్వరు ఆపి, మళ్ళీ స్టార్ట్ చేసింది. రెండవ సైటు తెరుచుకుంది.

దినానికొక ప్రశ్న. దినానికొక తిట్టు. "మట్టిబుర్ర సామి" అని పేరు పడింది. ఆయన చిరునవ్వుతో విని ఊరుకునేవాడు.

పదిహేనవ రోజు సునీత మూడు పేర్లు కొట్టింది. మూడు సైట్లూ దేనికది తెరుచుకున్నాయి.

"శెబాష్! రేపట్నుంచి పనిలోకి రా," అన్నాడు సురేంద్ర. "చూడు సామీ, మొన్న వచ్చిన పిల్ల నేర్చుకునింది. నీకు రెండోదన్నా తెరుచుకునిందా?"

"యాడ నాయనా!"

అందరూ నవ్వారు. అందరితో కలిసి నవ్వే భాగ్యం సునీతకు ఆ రోజే దక్కింది.

"మీకిది రాదులే సామీ. ఇంటికాడ రామా కృష్ణా అనుకోండి," అంది.

పెద్దాయన ఆమె వంక ఒక క్షణం చూశాడు. కండువా సర్దుకున్నాడు.

"అంతేలే తల్లీ."

మరునాటి నుండి రాలేదు.

మూడు నెలలకు రిహానా అనే పిల్ల పనికి చేరింది. ఒకనాడు ఆ పిల్ల తెర ముందు బిగుసుకుపోయి కూర్చుంది. రెండవ పేరు కొడితే మొదటి సైటే వస్తోంది. ఎవరినీ అడగడం లేదు.

సునీత వెళ్ళి తప్పు దిద్దింది. ఆ పిల్ల బెరుకు చూశాక, నేర్చుకోలేకపోయిన పెద్దాయనతో తానన్న మాట ముల్లై గుచ్చుకుంది.

ఆదివారం జమ్మలమడుగు బస్సెక్కింది. తప్పయిందని కాళ్ళకు మ్రొక్కాలి. ఆ మూడు సైట్లూ దగ్గరుండి తానే నిలబెట్టించాలి.

తలుపు తీసినది ఆయన ఇల్లాలు కామాక్షమ్మ. వెనుక గోడమీద పటానికి పూలదండ వేలాడుతోంది.

"నెలయింది తల్లీ," అందామె. "గుండెనొప్పి. ఆస్పత్రికి చేరేలోపలే..."

సునీత గడప దాటి, పటానికి మ్రొక్కింది.

"సామికి సైట్లు పెట్టడం నేర్పిద్దామని వచ్చినానమ్మా," అంది వెక్కుతూ.

కామాక్షమ్మ వింతగా చూసింది.

"వారికా? ఇంజనీరింగు కాలేజీలో ముప్పై ఏండ్లు పిల్లలకు వారు చెప్పింది ఈ కంప్యూటరు చదువే గదమ్మా!"

సునీత ఏడుపు ఆగిపోయింది.

"మరి మా ఆఫీసుకు ఎందుకొచ్చినారమ్మా?"

"దేవళం సైటు పనిమీద ఒకదినం ఆడికి పోయి, వాకిట్లోనుంచే తిరిగొచ్చినారు. సందేహం అడిగిన పాపను చూసి అందరూ నవ్వినారంట. 'ఆ పిల్ల ఇంక నోరు తెరవదు కామాక్షీ, దాని తెరమీద ఏ తప్పు కనిపిస్తే అది నేనడుగుతా, తిట్లు నేను తింటా' అని పదైదు దినాలు బస్సులో తిరిగినారు. ఆ పాప నీకు తెలుసునా తల్లీ?"

ఈ కథ చెవిని పడిన వారినందరినీ ఆ స్వామి చల్లగా చూచుగాక. మన కొరకు తల వంచిన వారిని, వారు బ్రతికి ఉండగానే గుర్తించే కన్ను మనకిచ్చుగాక.