వల పట్టిన తాత

గుడారం పొద్దున్నే కూలింది. టీలో చక్కెరకు బదులు ఉప్పు పడింది. ఇప్పుడు బేతమంగళ గుట్ట మీద అందరూ కేకలేసి తరిమిన కుందేలు, వల పట్టుకున్న తాత మోకాలి పక్కనుంచే దూసుకుపోయింది.

“యాడ చూస్తా ఉండావప్పా?” మునేష్ తండ్రి మీద విసుక్కున్నాడు. “తాడు తన్ని గుడారం కూల్చింది నువ్వే, ఉప్పేసిందీ నువ్వే. ఇంగ వచ్చేసారి నువ్వు ఇంట్లోనే ఉండు.”

తాత తలెత్తి, కొడుకు పక్కనున్న తుమ్మచెట్టుకేసి చూస్తూ, “సరేరా” అన్నాడు.

తాత చూపు చెట్టు మీదుండటం మునేష్ కూతురు కావేరి గమనించింది. నాన్న ముందు నోరెత్తని పిల్ల, వల దగ్గరికొచ్చి నిలబడింది.

“నేనే పిలిస్తి నాన్నా. అందుకే తాత ఇటు తిరిగినాడు.”

మునేష్ గొణుక్కుంటూ కుందేలు వెళ్ళిన వైపు నడిచాడు.

తాత తడుముకుని మనవరాలి భుజం పట్టుకున్నాడు.

“వచ్చేసారి నా పక్కనే కూర్చోమ్మా. వల నేను లాగుతా. ఎప్పుడు లాగాల్నో నువ్వు చెప్పు.”