పడవ దిగని సెగుండో

"దిగు నాన్నా. ఒక్కసారి." యాదిరా అప్పటికే నల్లరాతి గుట్ట పక్కన నీళ్లలో ఉంది.

"పడవ ఎవరు చూస్తారు?" అన్నాడు సెగుండో, మోటారు పిడి వదలకుండా.

"లంగరు వేశాం. ఎక్కడికీ పోదులే."

గలాపగోస్ దీవుల్లో యాత్రికుల్ని తిప్పే ఓడలో కూతురు గైడు. ఆ ఓడ తాలూకు రబ్బరు పడవ నడిపేది తండ్రి. యాత్రికులంతా ఇంకో గైడు వెంట తెడ్లతో నడిపే చిన్న కయాకు పడవలు వేసుకుని గుట్ట అవతలికి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఇద్దరికీ తీరికే. రేపు ఓడ రేవు చేరగానే సెగుండో ఈ పని మానేస్తున్నాడు. తను రోజూ నీళ్లలో చూసే లోకాన్ని తండ్రికి ఒక్కసారి చూపించాలని, బయల్దేరినప్పటి నుంచీ యాదిరా అతని ప్రాణం తోడేస్తోంది.

"నీళ్లు చల్లగా ఉంటాయి."

"పెంగ్విన్లు తిరిగే చోట వేడిగా ఉంటాయా? మందపాటి ఈత సూటు తెచ్చాను. లైఫ్ జాకెట్ కూడా."

"ఇప్పుడే అరటికాయ ముద్ద తిన్నాను. కడుపు బరువుగా ఉంది."

"నిన్న మోకాలన్నావు. మొన్న కళ్లజోడన్నావు."

సెగుండో ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఈలోగా సముద్ర సింహం పిల్ల ఒకటి వచ్చి యాదిరా కాలికున్న రబ్బరు ఈత రెక్కను కొరికి చూసింది. జంతువుల్ని ముట్టుకోకూడదన్న నిబంధన మనుషులకే గాని దానికి లేదు. యాదిరా చేతులు కట్టుకుని ఊరుకుంది. వేరే రోజైతే నవ్వేదే.

"ఎక్కడెక్కడి ముసలమ్మలనో చెయ్యి పట్టుకుని దింపుతావు. కూతురు పిలిస్తే మాత్రం దిగవు. నా పని నీకు చిన్నతనంగా ఉందా?"

"ఛ, అవేం మాటలు తల్లీ."

"మరి భయమా? చిన్నప్పుడు నేను రేవులో పడితే, దూకి నన్ను గట్టు మీదికి తోసింది నువ్వేగా. తర్వాత నిన్ను వల వేసి లాగారని అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నీకు భయమంటే నేను నమ్మాలా?"

సెగుండో ఫ్లాస్కు పక్కన పెట్టాడు. తర్వాత సూటు తొడుక్కుని, లైఫ్ జాకెట్ పట్టీలు ఒకటికి రెండుసార్లు బిగించాడు. నిచ్చెన ఒక్కో మెట్టే దిగాడు. నడుము మునిగేసరికి కూతురి మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టుకి ఆమె చెయ్యి తిమ్మిరెక్కింది.

మాస్కు పెట్టుకుని ముఖం నీళ్లలో ముంచాడు. కింద ఒక పెద్ద తాబేలు తీరిగ్గా పాచి మేస్తోంది. పక్కనుంచి పెంగ్విన్ ఒకటి దూసుకుపోయింది. అతను తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నేళ్లూ వీటి మీదనా తల్లీ నేను తిరిగింది?"

యాదిరా సంతోషం పట్టలేకపోయింది. "ఇంకా చాలా ఉన్నాయి. కాళ్లు ఆడించు నాన్నా, అటు పోదాం."

కాళ్లు ఆడలేదు. కర్రల్లా వేలాడుతున్నాయి. యాదిరా ఆ కాళ్లకేసి, తన మణికట్టు మీద బిగిసిన వేళ్లకేసి చూసింది.

"నాన్నా... నీకు ఈత రాదా?"

"కొండల్లో పుట్టినవాణ్ణి. ఎక్కడ నేర్చుకుంటాను?"

"మరి ఆ రోజు రేవులో నాకోసం దూకావుగా?"

సెగుండో సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఈత రాదన్న సంగతి దూకాకే గుర్తొచ్చింది తల్లీ."