చీమలు పట్టని చొక్కా

శామీర్‌పేట ఫామ్‌హౌస్‌లో మాకిచ్చిన గదిలో, బకెట్టు ముందేసుకుని, హీరోగారు ఇందాక పంపించిన మా ఆయన అన్వేష్ చొక్కా ఉతుకుతున్నాను. హీరో భానుప్రకాశ్ గారి యూట్యూబ్ సినిమాల్లో దెబ్బలు తినడం మా ఆయన పని. సినిమా నెత్తురంటే రంగు కలిపిన చక్కెర పాకం. బట్టలు విప్పి పడేయగానే చీమలు బారులు కడతాయి.

ఈ చొక్కాకు ఒక్క చీమా రాలేదు. నీళ్లు ఇనుప వాసన కొడుతున్నాయి.

హీరోగారు లోపలికొచ్చి నా బకెట్లోనే చేతులు కడుక్కున్నారు. జుట్టు రంగు చెమటకు కారి మెడ మీద నల్లగా చారలు కట్టింది.

"మా ఆయనేడి సార్?"

"సచ్చిపోయే సీనమ్మా. మస్తు జేస్తుండు. ఇంకా కదలలే."

"కెమెరా బండి పొద్దుగూకంగనే పోయింది గద?"

"నన్ను ముసలోడన్నడు," అని నవ్వారు.

నేను చేతులు తుడుచుకున్నాను. గోడకున్న కొడవలి అందుకుని, హీరోగారి పక్కనుంచే, మా ఆయన్ని వెతుక్కుంటూ బయటికి నడిచాను.