రెండో కొవ్వొత్తి

"ఒరే అబ్బాయ్! నువ్వు ఒఫేలియా కొడుకువి కదూ?"

డల్లాస్‌లోని ఆ బీమా కంపెనీ లిఫ్టు ముందు, ఒక ముసలావిడ స్పానిష్‌లో గట్టిగా పిలిచేసరికి హెరిబెర్తో కాళ్లు ఆగిపోయాయి.

ఆవిడ చేతిలో గుడ్డసంచి. ముఖం నిండా నవ్వు.

"మొన్న బస్సులోంచి మీ ఆఫీసు గోడ మీద నీ బొమ్మ చూశాను. కింద రాసిన ఇంటిపేరు అదే, కళ్లు మీ అమ్మవే! మొక్కజొన్న ఆకుల్లో పిండి చుట్టి తమాలెలు ఉడికించి తెచ్చా. ఇంకా వేడిగానే ఉన్నాయి."

బొమ్మ నిజమే. 'అన్ని సంస్కృతులూ మావే' అంటూ కంపెనీ వేయించిన పోస్టరులో అతనే నిలువెత్తున నవ్వుతున్నాడు.

కానీ పక్కనే కంపెనీ పెద్దాయన విట్‌కోమ్ ఉన్నాడు. ప్రాంతీయ మేనేజరు పదవి ఎవరిదో ఆ మధ్యాహ్నం తేల్చేది ఆయనే.

ఆఫీసులో హెరిబెర్తో పేరు బెర్ట్. స్పానిష్ వచ్చని తెలిస్తే చాలు, స్పానిష్ మాట్లాడే ఖాతాదార్ల బల్ల దగ్గర కూర్చోబెడతారు. పై పదవి రాక అక్కడే తలలు నెరిసిన వాళ్లను అతను చూశాడు. పోస్టరుకు అతని ముఖం కావాలి, నోట్లో భాషతో పని లేదు.

"ఏమంటోంది బెర్ట్?" అడిగాడు విట్‌కోమ్.

"తెలీదు సార్. నాకు స్పానిష్ రాదు."

"రాదా?"

"మా అమ్మ నేర్పలేదు."

ముసలావిడ నవ్వు ఆగింది. అతని ముఖం చూసింది. పెద్దాయన టై చూసింది.

"క్షమించండి," అంది చక్కటి ఇంగ్లీషులో. "నా కళ్లు సరిగా ఆనవు. వేరే అబ్బాయి అనుకున్నాను."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

సాయంత్రానికి పదవి వచ్చింది. ఇంటికి బయల్దేరుతుంటే రిసెప్షన్‌లో యాదిరా ఒక పొట్లం చాపింది.

"పొద్దుటి ముసలమ్మ ఇచ్చింది సార్. ఆవిడ వెతికింది మిమ్మల్ని కాదట."

"మరి నాకెందుకు?"

"నేనూ అదే అడిగా. 'అతను కాదులే తల్లీ, అయినా అతనికే ఇవ్వు, వాళ్లమ్మకి పెడతాడు' అంది. పేరు చాయో అట. అడ్రసు అడిగితే నవ్వి వెళ్లిపోయింది."

తర్వాత యాదిరా స్పానిష్‌లో అభినందనలు చెప్పి, ఇంగ్లీషులో అంది: "అయ్యో, మీకు అర్థం కాదు కదూ!"

అతను తల వంచుకుని నడిచాడు.

ఇంట్లో గ్వాదలూపె మేరీమాత పటం ముందు తల్లి కొవ్వొత్తులు వెలిగిస్తోంది. రోజూ రెండు. ఒకటి పోయిన తండ్రి కోసం. రెండోది ఎవరి కోసమో అతను ఎన్నడూ అడగలేదు.

"పదవి వచ్చిందమ్మా."

"అంతా మేరీమాత దయ!" ఆమె శిలువ గుర్తు వేసుకుని పొట్లం విప్పింది. "తమాలెలా? ఎవరిచ్చార్రా?"

"ఎవరో ముసలావిడ. చాయో అట."

తల్లి చెయ్యి ఆగిపోయింది.

"చాయోనా? మా ఎల్ పాసో చాయోనా! ఎన్నేళ్లు వెతికానురా దాని కోసం! ఇంటికి తీసుకురాలేదేం?"

"పెద్దాయన పక్కనున్నాడమ్మా." "నాకు స్పానిష్ రాదన్నాను."

ఆమె నెమ్మదిగా కూర్చుంది.

"అది మీ నాన్న చనిపోయిన ఏడాది. నువ్వు చంటివాడివి, జ్వరం. ఎల్ పాసోలో నేను బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో స్పానిష్ మాట్లాడితే పనిలోంచి తీసేసేవాళ్లు. ఆ రోజు ఉండబట్టలేక, పక్క మిషను మీదున్న చాయోతో 'బిడ్డ ఒళ్లు కాలిపోతోందే' అన్నాను. సూపర్‌వైజరు చెవిన పడింది. 'ఎవరా మాట్లాడింది?' అని అరిచాడు."

"నువ్వేమన్నావు?"

"నోరు విప్పలేదురా. నీలాగే."

తల్లి రెండో కొవ్వొత్తి వైపు చూసింది.

"చాయో లేచి, చెయ్యెత్తి, 'స్పానిష్ మాట్లాడింది నేనే' అని చెప్పి, ఆ పూటే గేటు దాటి వెళ్లిపోయింది."