ఈశ్వరికి పరుగు నేర్పిందెవరు?

"ఇందులో ఏదో మోసముంది మేడం!" అంటూ వ్యాయామం మాస్టారు ఉమాపతి తన స్టాప్‌వాచ్ తెచ్చి హెడ్మిస్ట్రెస్ కమలాదేవి బల్ల మీద పెట్టాడు. "మూడు వేల మీటర్లు, పదకొండున్నర నిమిషాలు! అదీ ఉత్త కాళ్లతో! ఒక్కరోజైనా నా ప్రాక్టీసుకి వచ్చిన మొహం కాదు!"

ఆమదాలవలస దగ్గరి ఆ హైస్కూల్లో వారోత్సవాలు జరుగుతున్నాయి. సోమవారం క్విజ్, మంగళవారం వ్యాసరచన సజావుగానే గడిచాయి. బుధవారం పరుగు పందెం దగ్గరే వచ్చింది చిక్కు. ఏడాది పొడుగునా ఉమాపతి తర్ఫీదు ఇచ్చిన సింధూరి ఆయాసపడుతూ ఇంకా ఒక చుట్టు వెనక ఉండగానే, తొమ్మిదో తరగతి ఈశ్వరి గీత దాటేసి పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

"గెలిచిన పిల్ల పేరు జిల్లా పోటీలకి పంపండి. ఇందులో ఆలోచించేదేముంది?" అంది కమలాదేవి.

"ఎవడో కోచ్ దొంగచాటుగా తయారుచేశాడు మేడం. వయసు తక్కువ వేయించి స్కూళ్లలో చేర్పించేవాళ్లు లేరా? రేపు అక్కడ పట్టుబడితే మన పరువు గంగలో కలుస్తుంది. శనివారం దాకా గడువుంది. వాడెవడో తేలనిదే నేను సంతకం పెట్టను."

ఈశ్వరిని పిలిపించాడు.

"నీకు పరుగు నేర్పిందెవరే?"

"ఎవులూ నేర్పనేదు సార్."

"మరి ఆ వేగం ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఈశ్వరి తల దించుకుంది. "సెప్తే మీకు కోపమొస్తాది సార్."

ఇంకేముంది! ఉమాపతి అనుమానం పెనుభూతమైంది.

"నా పేరు మాత్రం కొట్టీకండి సార్," ఆ పిల్ల బతిమాలింది. "జిల్లాలో గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటిస్తారంట. నేదంటే పదితో సదువు ఆపీస్తానని అయ్య అంతన్నాడు."

ఉమాపతి మనసు చివుక్కుమంది కానీ, జాలికీ సంతకానికీ సంబంధం లేదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

గురువారం సింధూరిని పక్కకు పిలిచి ఆరా తీశాడు. ఆ పిల్ల అటూ ఇటూ చూసి గుసగుసగా చెప్పింది. "రోజూ పొద్దున్న వాళ్లూరి మలుపు కాడ ఎవుల కోసమో కాసుకుని ఉంటాదంట సార్."

దొరికాడు దొంగ! టీచర్లందరూ బడికి రావడానికి కలిసి కుదుర్చుకున్న సోములు ఆటోని శుక్రవారం ఉమాపతి ఎక్కలేదు. బావమరిది బండి అడిగి తీసుకుని ఒక్కడే ముందుగా బయల్దేరాడు. ఈశ్వరి వాళ్లూరి మలుపులో ఒక గడ్డివాము వెనక నక్కి, ఫొటో తీయడానికి ఫోను చేతిలో పట్టుకున్నాడు. ఈ వయసులో చేయాల్సిన పనేనా అని ఒక్కసారైనా అనిపించలేదు.

తొమ్మిదికి పావు గంట ఉందనగా ఈశ్వరి వచ్చింది. చెప్పులు విప్పి సంచిలో పెట్టింది. సంచి బిగించి కట్టుకుని రోడ్డు వంకే చూస్తోంది. దూరంగా ఏదో బండి చప్పుడు.

'రా నాయనా, రా!' అనుకుంటూ ఉమాపతి ఫోను ఎత్తాడు.

వచ్చింది వాళ్ల టీచర్ల ఆటోయే. ఎవరైనా చూస్తారేమోనని ఆయన గబుక్కున ఒదిగిపోయాడు. ఈశ్వరి చెయ్యెత్తింది. ఆటో కనీసం నెమ్మదించలేదు. రోజూ ఆయన ఫోను చూసుకుంటూ కూర్చునే మూల సీటు ఖాళీగానే ఉంది. ఈశ్వరి చెయ్యి దించేసి, కాలవగట్టు మీదికి దూకి పరుగు లంకించుకుంది.

ఉమాపతి రోడ్డు మీదుగా చుట్టు తిరిగి, రైలుగేటు దగ్గర ఆగి, స్కూలు చేరేసరికి మొదటి గంట కొడుతున్నారు. ఈశ్వరి అప్పటికే ప్రార్థన వరసలో నిలబడి మొహం తుడుచుకుంటోంది.

"రోజూ ఇలాగే వస్తావుటే?"

"అవును సార్. కుళాయి ఎనిమిదిన్నరకి గానీ రాదు. నీల్లు పట్టి వచ్చీసరికి నడిసే టైముండదు."

ఛీ, ఈ పసిదాన్నా నేను అనుమానించింది! ఉమాపతి తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లి దరఖాస్తు తీశాడు. పేరు దగ్గర ఈశ్వరి అని రాశాడు. శిక్షణ ఇచ్చినవారు అన్నచోట 'ఎవరూ లేరు' అని రాసి, సంతకం పెట్టాడు. మనసు తేలికపడింది. ఆ వెంటనే కోపం మొత్తం ఆటో సోములు మీదికి మళ్లింది.

"ఒరే సోములూ! నువ్వసలు మనిషివేనా? సీటు ఖాళీగా పెట్టుకుని, ఆడపిల్ల చెయ్యెత్తితే ఆపకుండా వచ్చేస్తావా?"

బయట ఆటో అద్దం తుడుస్తున్న సోములు తెల్లబోయి చూశాడు.

"అదేటి సార్ అలగంతారు? 'పిల్లల్ని ఎక్కిస్తే మనం అలుసైపోతాం, ఎవులు సెయ్యెత్తినా ఆపీకు, లేటైతే పరిగెట్టుకుని వస్తారు' అని బడి తెరిసిన రోజున నాకు సెప్పింది మీరే కదేటి!"