మాఫీ వద్దన్న మనిషి

గడియారాలు బాగుచేసే ఆయన ఆ శనివారం కొట్టు తెరవలేదు. జేబులో కొలతల టేపు, చేతిలో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

“పదకొండేళ్లు నోరు మూసుకుని, ఇవాళ ఎందుకండీ ఈ పని? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?”

“నోరు మూసుకున్నందుకే నిద్ర లేదు. ఇవాళ ఆఫీసులో కాగితం కదలాలి. సోమవారం దాటితే ఇక నావల్ల కాదు.”

ఆమె నిట్టూర్చి, గొడుగు తెచ్చి చేతిలో పెట్టింది.

శనివారాల్లో పన్నుల ఆఫీసు రెండింటిదాకానే. గుమాస్తా జుట్టు నెరిసిన మనిషి, ముప్పయ్యేళ్లుగా అదే కుర్చీ. ఆ ఆఫీసుకో పద్ధతుంది. ఎవరొచ్చినా అడిగేది ఇంటి నంబరే. పేరు ఫారం చివర్లో, సంతకం దగ్గర వస్తుంది. అప్పటిదాకా నంబరే మనిషి. మొన్నామధ్య “పన్నెండు బై ఏడుకు గుండెపోటు వచ్చిందట” అని గుమాస్తా అంటే అందరూ అయ్యో అన్నారు గానీ, ఇంటికి గుండేమిటని ఒక్కరూ అడగలేదు.

“నంబరు?”

“నలభై రెండు బై మూడు.”

గుమాస్తా రిజిస్టరు తిరగేసి కళ్లజోడు సర్దుకున్నాడు. “తొమ్మిదేళ్లుగా పైసా కట్టలేదు. ఇప్పుడు తగ్గించమని వచ్చారా?”

“కాదండీ, పెంచమని వచ్చాను.”

గుమాస్తా చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు.

“మీ రిజిస్టరులో ఒక్క అంతస్తే ఉంది. మా ఇంటికి మేడ కూడా ఉందండీ. పొడుగూ వెడల్పూ ఇవిగో. వెనకాల రేకుల షెడ్డులో నాలుగు స్కూటర్లు పెడతారు, బండికింతని వసూలు. మెట్లకింద ఇస్త్రీ బల్ల, దానికీ అద్దె ఉంది. ఇవేవీ ఏ లెక్కలోనూ చూపించలేదు. పన్ను కట్టేవాడు వెర్రివాడన్న మాట మా వరండాలో రోజూ వినపడుతుంది.”

గడియారం విప్పినట్టు ఇల్లంతా విప్పి బల్లమీద పరిచాడు. ఒక్క మర కూడా వదల్లేదు. గుమాస్తా మరిచిపోయిన బాల్కనీని కూడా తనే గుర్తుచేసి రాయించాడు.

“మేడమీద అద్దెంత?”

“తొమ్మిది వేలు. ఒకటో తారీఖు పొద్దున ఏడింటికల్లా చేతిలో పడుతుంది. పదకొండేళ్లలో ఒక్క నెల తప్పలేదు.”

“రసీదులు?”

“ఒక్కటీ లేదు. అదే నా బాధ.”

“పాపం, అద్దెకున్నాయన మంచివాడన్నమాట.”

గడియారాలాయన తల దించుకున్నాడు. “చాలా మంచివాడండీ. వాన పడితే కప్పు కారుతుంది. నాలుగు బకెట్లు పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంటాడు. అయినా పల్లెత్తు మాట అనడు. అలాంటివాడు దీపం పెట్టి వెతికినా దొరకడు.”

“మరి కప్పు వేయించొచ్చుగా?”

“అదే కదండీ. పన్ను ఎగ్గొట్టి, అద్దె మింగి, కప్పు కూడా వేయించకపోతే అది మనిషి చేసే పనేనా?”

ఇంతలో సంగతి ఆఫీసంతా పాకింది. లోపలి గదిలోంచి ఆఫీసరే లేచి వచ్చి చెయ్యి కలిపాడు. టీ తెప్పించాడు. “నా సర్వీసులో దాక్కున్నవాళ్లను చూశాను, ఏడ్చినవాళ్లను చూశాను, చచ్చిపోయామని కబురంపినవాళ్లనూ చూశాను. ఇలా కొలతలతో సహా వచ్చిన మనిషిని చూడలేదు. ఇంటాయనే స్వయంగా వచ్చి ఒప్పుకుంటే సగం జరిమానా మాఫీ చేయొచ్చని రూలుంది.”

“ఆ రూలు ఇక్కడ వర్తించదు సార్. పూర్తిగా వేయండి. వడ్డీ కూడా మరిచిపోకండి.”

గుమాస్తాకు కళ్లు చెమర్చాయి. తన సొంతింటి పన్ను రెండేళ్లుగా బాకీ ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

“ఒక్కటే కోరిక,” అన్నాడు గడియారాలాయన. “నోటీసు ఇవాళే వెళ్లాలి.”

“మీరిక్కడే ఉన్నారుగా, చేతికే ఇచ్చేస్తాం.”

“వద్దు సార్, ఇంటికే పంపండి. కింది వాటా తలుపుకు, వీధంతా చూసేట్టు అంటించమనండి.”

“పరువు పోదూ?”

“పోవాలి సార్. పోతేగానీ బుద్ధి రాదు.”

ఆఫీసరు మళ్లీ చెయ్యి కలిపాడు. గోడమీద కాలెండరు తీసేసి అక్కడ ఈయన ఫొటో పెట్టిస్తానన్నాడు. బంట్రోతు నోటీసూ జిగురుడబ్బా పట్టుకుని సైకిలెక్కాడు. అది మలుపు తిరిగేదాకా గడియారాలాయన కిటికీలోంచి చూసి, తృప్తిగా టీ పూర్తిచేశాడు.

రెండింటికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఫారంలో చివరి గడి ఒక్కటే మిగిలింది. గుమాస్తా తన సొంత కలం మూత తీసి, రెండు చేతులతో అందించాడు.

“పేరు రాసి, ఇంటి ఓనరు అన్నచోట సంతకం పెట్టండి సార్.”

“అది ఓనరుచేతే పెట్టించుకోండి, కింది వాటాలో పడక్కుర్చీలోనే ఉంటాడు,” అని కలానికి మూత పెట్టి తిరిగిచ్చేశాడు, సోమవారానికల్లా వాటా ఖాళీ చేయమనిపించుకున్న ఆ మేడమీది మంచివాడు.